డప్పు దరువుకు తగిన మైకు: కొన్ని విశేషాలు

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపడింది 2016 అక్టోబరు 11న. ఈ మూడు జిల్లాల్లోనూ జమ్ములమ్మ జాతరైనా, పీర్ల పండుగైనా, బోనాలైనా ముందు నడిచేది డప్పే. దాన్ని ఫోనులో పట్టి చూడండి, దరువు పోయి గరగర మిగులుతుంది. డప్పుకూ, చర్చిల్లో, కాలేజీ వేడుకల్లో మోగే గిటార్ యాంప్‌కూ సరిగ్గా అతికే మైకు డైనమిక్ మైకు. దాన్ని ఎంచుకునే ముందు తెలుసుకోదగ్గ సంగతులివి.

స్పీకరుకు తోబుట్టువు
1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఈ మైకుకు ప్రాణం. అయస్కాంతం దగ్గర తీగచుట్ట కదిలితే కరెంటు పుడుతుంది. శబ్దం తగలగానే పల్చని పొర, దానికి అంటిన తీగచుట్ట కలిసి కదులుతాయి. స్పీకరులో ఇదే పని తలకిందులుగా జరుగుతుంది. అందుకే చిన్న స్పీకరునే మైకుగా మార్చి, బేస్ డ్రమ్ ముందు పెట్టే ‘సబ్‌కిక్’ను యమహా కంపెనీ తయారుచేసింది.

అరవై ఏళ్ల రాయి
ప్రపంచమంతటా స్నేర్ డ్రమ్ముకు, గిటార్ యాంప్‌కు ముందుగా గుర్తొచ్చే మైకు ష్యూర్ ఎస్ఎం57. అది 1965లో వచ్చింది. గాయకుల చేతిలో కనిపించే ఎస్ఎం58 మరుసటి ఏడాది వచ్చింది. రెండింటికీ మూలం ఎర్నీ సీలర్ అనే ఇంజనీరు రూపొందించిన యూనిడైన్ 3. 58కి గుండ్రని జాలీ ఉంటుంది, 57కి ఉండదు. అందుకే 57ను వాయిద్యానికి మరింత దగ్గరగా పెట్టవచ్చు.

దెబ్బకు జడవదు
కండెన్సర్ మైకు లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది. దానికి సాధారణంగా మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. మోత హద్దు దాటితే ఆ సర్క్యూట్ దగ్గరే శబ్దం చెదురుతుంది. మామూలు డైనమిక్ మైకులో ఆ సర్క్యూటూ లేదు, ఆ పవరూ అక్కర్లేదు. బేస్ డ్రమ్ కోసం చేసిన ష్యూర్ బీటా 52ఎ 174 డెసిబెల్స్ దాకా తట్టుకుంటుందని కంపెనీ లెక్క. శబ్దం పగిలిందంటే చాలాసార్లు తప్పు మైకుది కాదు, రికార్డరులో గెయిన్ ఎక్కువ పెట్టడం. అన్నిటికన్నా గట్టి దెబ్బ కొట్టించి, మీటరు -10 దగ్గర ఆగేలా సర్దుకోండి.

డప్పుకు రెండు ముఖాలు
కుడిచేతి సిర్రతో గట్టి దెబ్బ, ఎడమచేతి చిటికెన పుల్లతో సన్నని చప్పుడు. ముందువైపు మైకు పెడితే పుల్లల దెబ్బ స్పష్టంగా పడుతుంది, వెనుక తెరిచి ఉన్న వైపు పెడితే లోతైన నాదం దొరుకుతుంది. ఒక్కటే మైకుంటే ముందునుంచి అడుగు దూరంలో, కాస్త ఏటవాలుగా పెట్టి మొదలుపెట్టండి. వాయించే మనిషి చిందేస్తుంటే ఇంకొంచెం దూరం జరపాలి.

మంట కూడా రికార్డింగులో భాగమే
చెమ్మకు తోలు వదులవుతుంది, సెగకు బిగుసుకుంటుంది. డప్పును కాగబెట్టేది అందుకే. అది చల్లారేకొద్దీ స్వరం దిగుతుంది. మొదటిసారి వాయించినదాన్నీ గంట తర్వాత వాయించినదాన్నీ కలిపి అతికించాలంటే మధ్యలో డప్పును మళ్లీ కాచుకోవాలి.

దగ్గరికెళితే బరువు పెరుగుతుంది
ఒకవైపు నుంచే వినే మైకును వాయిద్యానికి రెండు మూడు అంగుళాల దగ్గరికి తెస్తే మంద్ర ధ్వని పెరుగుతుంది. గిటార్ యాంప్ ముందైతే స్పీకరు నడిబొడ్డుకు ఎదురుగా పెట్టినప్పుడు శబ్దం పదునుగా, అంచువైపు జరిపితే మెత్తగా పడుతుంది. అంగుళం జరిపినా తేడా వినిపిస్తుంది. 1966లో లండన్ ఇఎంఐ స్టూడియోలో రికార్డింగ్ ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ సంస్థ నిబంధనలను దాటి, బీటిల్స్ డ్రమ్మరు రింగో స్టార్ బేస్ డ్రమ్ముకు మైకును బాగా దగ్గరికి జరిపాడు. బీటిల్స్ డ్రమ్ముల ధ్వనికి కొత్త బలం రావడానికి ఆ మార్పు కూడా ఒక కారణం.

పదిమంది డప్పులు మోగితే
ఒకవైపు నుంచే వినే కార్డియాయిడ్ మైకు సరిగ్గా తన వెనుకవైపు శబ్దాన్ని చాలా తక్కువ పట్టుకుంటుంది. వద్దనుకున్న శబ్దాన్ని ఆ దిక్కున ఉంచండి. వేర్వేరు డప్పులకు రెండు మైకులు వాడితే, డప్పుకు మైకుకు మధ్య ఎంత దూరముందో మైకుల మధ్య దానికి మూడింతలైనా ఉండాలి. డప్పుకు అడుగు దూరమైతే మైకుల మధ్య మూడడుగులన్నమాట. లేకపోతే ఒకే దెబ్బ రెండింట్లో కాస్త ముందూ వెనుకా పడి పలచనవుతుంది.

కిన్నెరకు వేరే లెక్క
నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు. 2021లో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట ఆయన గొంతుతోనే మొదలైంది, 2022లో పద్మశ్రీ వచ్చింది. సొరబుర్రలు, వెదురుతో చేసే కిన్నెరది సన్నని నాదం. డైనమిక్ మైకు ఇచ్చే సిగ్నల్ బలహీనం కాబట్టి, ఇలాంటి నాదానికి గెయిన్ బాగా పెంచాలి, దాంతో సర్రుమనే రొద కూడా పైకి వస్తుంది. కిన్నెరకు నిశ్శబ్దమైన గదిలో కండెన్సర్ మైకే మేలు.

కొనేటప్పుడు తూకం వేయండి
ఎస్ఎం57, 58లకు నకిలీలు విపరీతం. కంపెనీ లెక్క ప్రకారం 57 బరువు 284 గ్రాములు, 58 బరువు 298 గ్రాములు. బాగా తేలికగా ఉంటే అనుమానించండి. తూకం సరిపోయినంత మాత్రాన అసలుదని తేలదు కాబట్టి అధీకృత డీలరు దగ్గరే బిల్లుతో కొనండి. వాడాక సంచిలో పెట్టండి. లోపలి అయస్కాంతం దుమ్ములోని ఇనుప రజనును లాక్కుంటుంది, అది పొరమీద చేరితే ధ్వని చెడుతుంది.

ఖరీదైన మైకును తప్పు చోట పెట్టడంకంటే మామూలు డైనమిక్ మైకును సరైన చోట పెట్టడం మేలు. మీ ఊరి పెద్ద డప్పు కళాకారులకు తెలిసిన దరువులు చాలావరకు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి, కాగితం మీద లేవు. ఈ జాతరకే ఒక మైకు తీసుకెళ్లండి. ప్రతి దరువునూ విడిగా వాయించమని అడగండి. దాని పేరు, సందర్భం, ఊరు, తేదీ వాళ్ల నోటనే చెప్పించి భద్రపరచండి. వాయించిన చేతులకు తగిన ప్రతిఫలం తప్పకుండా ఇవ్వండి.