విత్తు రాలితేనే మొక్క కొండెక్కేది

మూలికల కొట్టులో కటుకరోహిణి అడిగితే ముడతలు పడ్డ సన్నటి గోధుమరంగు వేరుముక్కలు తూచి పొట్లం కట్టిస్తారు. కొరికితే ఆ చేదు నాలుకను ఓ పట్టాన వదలదు. కాలేయ జబ్బులకు ఆయుర్వేదంలో పేరున్న ఈ మందు తెలుగు నేల మీద పండేది కాదు. పక్క డబ్బాల్లోని జటామాంసి, అతివస కూడా అంతే. ఇవన్నీ హిమాలయాల్లో, ముఖ్యంగా 3000 మీటర్లకు పైన, అడవి పలచబడ్డాక మొదలయ్యే బుగ్యాల్ అనే పచ్చికబయళ్ల పరిసరాల్లో పెరుగుతాయి. మూలికలకు హిమాలయమే శ్రేష్ఠమైన నేల అని చరక సంహిత ఏనాడో చెప్పింది. ఇప్పుడు ఆ నేలే వేడెక్కుతోంది. భూమి సగటు వేడిమి పెరుగుదలను 1.5 డిగ్రీల దగ్గర ఆపినా, హిందూకుష్ హిమాలయ ప్రాంతంలో అది కనీసం మరో 0.3 డిగ్రీలు ఎక్కువే ఉంటుందని ఆ పర్వత ప్రాంతాన్ని అధ్యయనం చేసే ఇసిమోడ్ సంస్థ 2019లో అంచనా వేసింది.

వేడి పెరిగితే మొక్కలు పైకి జరుగుతాయి కదా అనిపించవచ్చు. కొండ మీద కిలోమీటరు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. అంటే ఒక డిగ్రీ వేడిని తప్పించుకోవడానికి మొక్క దాదాపు 150 మీటర్లు పైకి పోవాలి. అయితే మొక్క తనంతట తాను నడవదు, దాని విత్తనం వెళ్లాలి. వెళ్లిన చోట రాళ్లగుట్టలు కాక మట్టి ఉండాలి. ఎత్తైన చోట పెరిగే చాలా మొక్కల విత్తనాలకు చలికాలపు చల్లదనం తగలనిదే మొలక రాదు. మంచు దుప్పటిలా కప్పి ఉంచకపోతే నేలలోని వేర్లు గడ్డకట్టే చలికి దెబ్బతింటాయి. పైగా ఇవి వేరుమందులు. గింజ ముదరకముందే తవ్వేస్తే, పైకి వెళ్లాల్సిన తరమే పుట్టదు. మూలికలు తగ్గిపోవడంలో అసలు దోషం తవ్వకాలదే, వాతావరణానిది కాదనే వాదనలో నిజం లేకపోలేదు. జటామాంసి తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్కల జాబితాలోకి చేరడానికి మితిమీరిన సేకరణ పెద్ద కారణం. కానీ ఈ రెండు దోషాలనూ విడదీయలేం. గొంగళిపురుగు మీద పెరిగే యార్సాగుంబా అనే హిమాలయ మందు శిలీంధ్రం మీద 2018లో వెలువడిన పరిశోధన దాని క్షీణతకు అతిసేకరణనూ, వాతావరణ మార్పునూ రెండింటినీ కారణాలుగా చూపింది. తవ్వకం మొక్క దారి మూసేస్తుంది, వేడి దాన్ని వెనక నుంచి తరుముతుంది.

మొక్క బతికి ఉన్నంత మాత్రాన మందు నిలిచినట్టు కాదన్నది నా అసలు బాధ. ఎండకు, ఎద్దడికి లోనైన మొక్క ఆత్మరక్షణ కోసం ఘాటైన రసాయనాలను ఎక్కువగా తయారుచేస్తుంది, అంటే మందు బలం పెరుగుతుంది కదా అని కొందరంటారు. అమెరికా జిన్సెంగ్‌ను 5 డిగ్రీలు ఎక్కువ వేడిలో పెంచిన ప్రయోగంలో వేర్లలో జిన్సెనోసైడ్లనే మందు రసాయనాల గాఢత నిజంగానే పెరిగింది. కాకపోతే ఆకులు ముందే పండిపోయాయి, వేరూ చిన్నదైంది. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలికకు నీరు తగ్గిస్తే అందులో హైపెరిసిన్ అనే రసాయనం తగ్గి, హైపెర్‌ఫోరిన్ అనే మరొకటి పెరిగింది. మూలిక గుణం ఒక్క రసాయనం మీద ఆధారపడదు, వాటి పాళ్ల మీద ఉంటుంది. పాళ్లు మారినా పొట్లం మీద పేరు అదే, వైద్యుడు రాసే మోతాదూ అదే. ఒక ఏడాది మందు బలం చాలక, మరో ఏడాది అది ఎక్కువై, మధ్యలో నష్టపోయేది రోగి.

పొలాల్లో పండించుకుంటే పోలేదా అంటే, పండించాల్సిందే. ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలోని ఘేస్‌లో రైతులు కటుకరోహిణి సాగు చేస్తున్నారు. అడవి మీద భారం తగ్గించే దారి అదే. అయినా అదొక్కటే చాలదు. ఎక్కువ ఎత్తులో పెరిగిన కటుకరోహిణిలో పిక్రోసైడ్లనే ముఖ్య రసాయనాలు ఎక్కువగా ఉన్నట్టు పరీక్షల్లో కనిపించింది కాబట్టి, సాగును కిందికి దించితే గుణం తగ్గే ప్రమాదం ఉంది. నారుకు, విత్తనానికి మళ్లీ అడవి రకాలే దిక్కు. అందుకే కొన్ని బయళ్లను తవ్వకుండా వదిలేయాలి, మిగిలిన చోట్ల గింజ రాలాకే తవ్వాలి. తవ్వేవారు చాలావరకు పేద కొండ కుటుంబాలవారు, ఆగిన నెలలకు వాళ్లకు తగిన ధర ముట్టాలి. ఆ ఖర్చును మందుల కంపెనీలు భరించడమే న్యాయం. మూలిక ఏ ఎత్తులో, ఏ నెలలో తీసిందో, అందులో ముఖ్య రసాయనాలు ఎంతెంత ఉన్నాయో ప్రతి సంచి మీదా రాయించే పని కూడా వాళ్లతోనే మొదలవ్వాలి.