ప్రింటరు పట్టీ నుంచి మడమ దాకా

చర్మం పాఠం చెబుతుండగా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు అడిగారు: "మా అమ్మ మడమలు రుద్దుకునే ఉక్కు రేకు అచ్చం కొబ్బరి తురిమేదానిలాగే ఉంటుంది సార్. మరి రక్తం ఎందుకు రాదు?" చాలా మంచి ప్రశ్న. జవాబులో సగం మన చర్మంలో ఉంది, మిగతా సగం ఆ రేకులో ఉంది.

ముందు చర్మం సంగతి. మన ఒంటికి అన్నిటికన్నా పైన ఉండే పొరలో బతికున్న కణం ఒక్కటీ ఉండదు. కెరటిన్ అనే ప్రొటీన్‌తో నిండిన మృతకణాలు బల్లపరుపుగా ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. చాలాచోట్ల ఈ పొర మందం మిల్లీమీటరులో వందో వంతో, రెండు వందో వంతులో ఉంటుంది. మడమ దగ్గర దానికి కొన్ని పదుల రెట్లు. ఒరిపిడీ బరువూ పడేకొద్దీ ఇంకా దళసరి అవుతుంది. అరికాలిలో నూనె ఊరే గ్రంథులు లేవు కాబట్టి తేమ ఇట్టే ఆరిపోతుంది. ఎండిన పొర సాగదు. అడుగు వేసినప్పుడల్లా మడమ కిందున్న కొవ్వు మెత్త బరువుకు అణిగి పక్కలకు ఉబుకుతుంది. దాంతోపాటు సాగలేని పొర అంచుల్లో చిట్లుతుంది. అవే మడమ పగుళ్లు.

ఈ మృతకణాల పొరలో నరాలు లేవు, రక్తనాళాలు లేవు. కనుక పైపైన తీసినంతసేపూ నొప్పీ ఉండదు, రక్తమూ రాదు. పని అంతా ఆ 'పైపైన' తీయడంలోనే ఉంది. ఇక్కడే రేకు కథ మొదలవుతుంది.

ఈ రేకు పాదాల కోసం పుట్టలేదు. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని రసెల్‌విల్ పట్టణంలో గ్రేస్ కుటుంబానికి ఒక లోహపు పనుల కంపెనీ ఉంది. కంప్యూటర్ ప్రింటర్లలో వాడే సన్నని ఉక్కు పట్టీలను వాళ్లు రసాయనంతో కరిగించి తయారుచేసేవారు. ఆ పద్ధతి ఎంత తెలివైనదో చూడండి. పలుచని ఉక్కు రేకు మీద, వెలుతురు తగిలితే గట్టిపడే పూత పూస్తారు. కావలసిన ఆకారం ఉన్న ఫిల్మును దానిపై పరిచి అతినీలలోహిత కాంతి పడనిస్తారు. కాంతి సోకని చోట పూత కడిగితే పోతుంది, ఉక్కు బయటపడుతుంది. ఆ మీద ద్రావణం చిమ్ముతారు. ఉక్కుకు సాధారణంగా ఫెర్రిక్ క్లోరైడ్ వాడతారు. సర్క్యూట్ బోర్డులు చేసిన ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు అది బాగా తెలిసిన ద్రావణమే.

ఇందులో నన్ను కట్టిపడేసేది ఒకటుంది. ద్రావణం ఉక్కును నిలువుగా కిందికి మాత్రమే తినదు, పక్కలకూ తింటుంది. ఒకవైపు నుంచే చిమ్మితే పైభాగం ఎక్కువసేపు నానుతుంది, అడుగుభాగం ఆఖరున కరుగుతుంది. అందువల్ల రంధ్రం పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా తేలుతుంది. దాని గోడ నిట్టనిలువుగా నిలవదు. లోపలికి వంపు తిరుగుతూ, అడుగుకు చేరేసరికి సన్నబడి కత్తి అంచుగా ముగుస్తుంది. సానపట్టకుండానే పదును వచ్చేసింది!

మామూలు తురుముపీట రంధ్రాలు ఇలా పుట్టవు. అచ్చుతో గుద్దితే లోహం చిరిగి పైకి లేస్తుంది. అలా చిరిగిన అంచు ఎదురైనదాన్ని చీరుతుంది. కరిగి ఏర్పడిన అంచు కోస్తుంది. రెండింటికీ ఎంత తేడానో మడమకు తెలుస్తుంది. చీరిన చోట నూలుపోగుల్లాంటి గరుకు మిగులుతుంది, కోసిన చోట నున్నగా ఉంటుంది.

తమ పట్టీల అంచులు ఇంత పదునుగా ఉన్నాయని గమనించిన గ్రేస్ కుటుంబం, 1990 ప్రాంతంలో ఆ పదునుతో వడ్రంగులకు చెక్క రాచే ఆకురాయి చేసింది. పేరు మైక్రోప్లేన్. దాని ప్రతి పన్నూ వడ్రంగి చిత్రికలాగే పనిచేస్తుంది. అంచు ఎంత పైకి పొడుచుకు వచ్చిందో అంత మందమే తెగుతుంది, తెగిన పొట్టు ముందున్న రంధ్రంలోంచి వెనక్కి జారిపోతుంది. ఒక్క రాపిడికి ఇంతకుమించి తీయకూడదన్న హద్దు ఆ పన్ను ఎత్తులోనే ఉంది. 1994లో కెనడాలోని ఒట్టావాలో లొరైన్ లీ అనే ఆవిడ, భర్త పనిముట్ల దుకాణం నుంచి తెచ్చిన ఈ ఆకురాయితో కేకు కోసం నారింజ తొక్క తురిమారు. ఆకురాయి వంటింటికి చేరింది. ఆ తర్వాత అదే రకం రేకు పిడి మార్చుకుని పాదాల దగ్గరికి వచ్చింది.

అక్కడ దానికి చాలా పాత పోటీదారు ఉంది, ప్యూమిస్ రాయి. అగ్నిపర్వతం నుంచి ఎగజిమ్మిన లావాలోని వాయువులు నురగ కట్టి, చల్లారి గాజుగా గడ్డకడితే ప్యూమిస్ అవుతుంది. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలైనప్పుడు పాంపేయి మీద ముందుగా కురిసింది ఇదే. ప్రతి బుడగ గోడా ఒక సన్నని గాజు అంచు. ఆ అంచు అరిగితే లోపలి బుడగ తెరుచుకుని కొత్త అంచు బయటికొస్తుంది. అరిగేకొద్దీ తనకు తానే పదును పెట్టుకునే రాయి ఇది. ఉక్కు పన్ను మొండిబారితే మళ్లీ పదునెక్కదు.

రెండింటినీ వాడే తీరూ వేరు. ప్యూమిస్‌ను కాళ్లు నానబెట్టి, రాయినీ తడిపి వాడాలి. నీళ్లు తాగిన కెరటిన్ మెత్తబడి కొంచెం కొంచెంగా రాలుతుంది. ఉక్కు రేకును ఆరిన కాలి మీదే వాడాలి. ఉబ్బిన చర్మంలో ఏది మృతపొరో, ఏది బతికిన చర్మమో చేతికి తెలియదు, పన్ను లోతుగా దిగుతుంది. ఆ తర్వాత బ్యాటరీతో తిరిగే రోలర్లు వచ్చాయి. అవి గరుకు రేణువులను గిరగిరా తిప్పి చర్మాన్ని అరగదీస్తాయి. వేగం పెరిగిందే తప్ప కొత్త సూత్రం ఏమీ లేదు.

నా తీర్పు ఇది. నున్నదనంలో ఉక్కు రేకుదే పైచేయి, భద్రతలో ప్యూమిస్‌దే. ఒక్క రాపిడికి ఎంత తెగాలో రేకు చూసుకుంటుంది, ఎన్ని రాపిళ్లో మీ చెయ్యే చూసుకోవాలి. నాలుగైదు సార్లు రాచి ఆపండి, వేలితో తడిమి చూడండి. దళసరి పొర మొత్తం తీసేయకండి, అది పాదానికి రక్షణ. పని అయ్యాక యూరియా ఉన్న క్రీము రాయండి. పొలంలో చల్లే యూరియా అణువే అది, చర్మంలో తేమను పట్టి ఉంచుతుంది. అలాగని ఎరువు బస్తాలోది మాత్రం ఎప్పుడూ రాయకండి. ఎవరి పనిముట్టు వారిదే, వాడాక కడిగి ఆరబెట్టండి. షుగరు ఉన్నవాళ్లు రేకునూ రోలరునూ అసలు ముట్టవద్దు. అరికాలి స్పర్శ తగ్గిన మనిషికి తెగినా తెలియదు, చిన్న గాయం పెద్ద పుండు కావచ్చు. వాళ్ల మడమలను డాక్టరుకే చూపించండి.