పెట్టెలోని వేదిక: సైనిక సరుకును కదలకుండ బిగించు విధము

ఓడ సరుకు అనగానే నేడు మన కన్నుల ముందు నిలుచునది కంటైనరు అను ఉక్కు పెట్టె. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కం మెక్లీన్ అను వ్యాపారి 'ఐడియల్ ఎక్స్' అను ఓడపై 58 పెట్టెలను న్యూఆర్క్ నుండి హ్యూస్టన్‌కు పంపెను. వియత్నాం యుద్ధకాలమున, 1967లో, ఇట్టి కంటైనరు ఓడలు కామ్ రాన్ అఖాతమునకు సైనిక సరుకును చేరవేయ నారంభించినవి.

అయితే సైన్యమునకు ఒక చిక్కు కలదు. రేవులో క్రేను ఉండును, యుద్ధరంగమున ఉండదు. పెట్టెలోని మందుగుండును ఒక్కొక్కటిగ దింపుటకు వ్యవధి యుండదు, హమాలీలును ఉండరు. ('హమాలీ' యను మాటకు మూలము మోయుట యను అర్థముగల అరబ్బీ ధాతువని మా ఉర్దూ మిత్రులకు వేరుగ చెప్ప నక్కరలేదు.) ఈ చిక్కును తీర్చుటకు అమెరికా సైన్యము 20 అడుగుల కంటైనరులో ఇమిడెడి ఒక ఉక్కు వేదికను చేయించినది. దానిని పొడి అక్షరములలో 'క్రాప్' అందురు. దాని ముందు భాగమున ఇంగ్లీషు 'ఎ' అక్షరమును పోలిన చట్రము, వెనుక భాగమున అడుగున ఉక్కు రోలర్లు ఉండును. లారీకి అమర్చిన కొక్కెపు చేయి చట్రమును పట్టి, వేదికను సరుకుతో సహా బయటికి లాగి, లారీ పైకి ఎక్కించుకొనును.

మేము చెప్పదలచిన అసలు సంగతి ఇక్కడనే యున్నది. బయటికి సులభముగ జారవలెనని చేసిన వస్తువు, ఎవరును కోరకున్నను లోపల సైతము సులభముగనే జారును. కనుక బిగింపు రెండు అంచెలుగ జరుగవలెను: సరుకును వేదికకు, వేదికను పెట్టెకు. మొదటిది కంటికి కనిపించును గనుక అందరును శ్రద్ధగ చేయుదురు. రెండవది చీకటి పెట్టెలో, ఇరుకు సందులో చేయవలసిన పని.

కొంచెము లెక్క చూతము. అంతర్జాతీయ నౌకా సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘము కలిసి 2014లో వెలువరించిన నియమావళి ప్రకారము, కల్లోల సముద్రముపై సరుకును ప్రక్కకు త్రోయు బలము దాని బరువులో పదింట ఎనిమిది వంతులుగ ఎంచవలెను. సరుకుతో కూడిన వేదిక 15 టన్నులున్నచో ఆ త్రోపు 12 టన్నులు. రాపిడి బరువులో పదింట మూడు వంతులను ఆపునని అనుకొన్నను, అది నాలుగున్నర టన్నులే. మిగిలిన ఏడున్నర టన్నులను ఎవరు మోయవలెను? నేలనున్న కట్టుడు రింగు సుమారు ఒక టన్నుకే తగినది. ప్రక్కగోడ, పెట్టె మోయదగిన సరుకు బరువులో పదింట ఆరు వంతులకు ఓర్చునట్లు పరీక్షింపబడును. కాని ఆ బరువు గోడ యంతటను సమముగ పరచుకొన్నప్పుడే ఆ ఓర్పు. వేదిక మూల ఒక్కచోట పొడిచినచో ఆ పలుచని రేకు నిలువదు.

కావున బలమును రేకుకు గాక, పెట్టె యెముకలైన అడుగు దూలములకు, మూలస్తంభములకు అప్పగింపవలెను. వేదికకును ప్రక్క దూలములకును నడుమ సందులలో చెక్క దిమ్మెలను బిగువుగ చొప్పించి, అవి ఊడిరాకుండ ఒకదాని కొకటి అడ్డుకర్రలతో కలుపవలెను. తలుపు వైపున అడ్డుదూలము తలుపులకు గాక ఇరువైపుల స్తంభములకు ఆనవలెను. వేదికకు సొంత తాళములున్నచో వాటిని వేసి, చేతితో లాగి చూడవలెను.

కలప విషయమున అశ్రద్ధ తరచుగ జరుగును. కీటకములు దేశాంతరము పోకుండుటకు దానిని మధ్యభాగము వరకు 56 డిగ్రీల సెంటిగ్రేడ్ వేడిలో 30 నిమిషములు ఉంచవలెనను నియమము అందరికిని గుర్తుండును, తడి సంగతి గుర్తుండదు. పచ్చి దిమ్మె ప్రయాణములో ఆరి కుదించుకొనును. అప్పుడు ఏర్పడు వ్రేలెడు సందు చాలు: బరువు కదలి, వేగము పుంజుకొని కొట్టును. నిశ్చలమైన త్రోపును ఆపగల మేకు ఆ దెబ్బకు ఆగదు. ఓడ ఊగిన ప్రతిసారి సందు మరికొంత పెరుగును.

ఇంతయు జరిగినను బయట సీలు చెక్కు చెదరకయే యుండును. దాని వెనుక తలుపును ఆనుకొని 15 టన్నులు నిలిచియున్న సంగతి గమ్యమున తలుపు తెరచు కూలికి తెలియదు. అందుచేత తెలిసినవారు మొదట రెండు తలుపులకును అడ్డముగ గట్టి పట్టీ కట్టి, ముందుగ కుడి తలుపును మాత్రమే, దాని వెనుక నిలిచి, కొద్దిగ తెరచి లోనికి చూచెదరు.