ప్రతి రేవూ పుష్కర రేవే!

రానున్న గోదావరి పుష్కరాలు, డెల్టా సీమలోని పుణ్యక్షేత్రాలు, యాత్రికులు మరువరాని నియమాలు

సహ్యాద్రి పర్వతసానువులలో, త్ర్యంబకేశ్వరుని సన్నిధిలో సన్నని ధారగా జన్మించి, సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి, తెలుగునేలను సస్యశ్యామలం చేసి, చివరకు సాగరుని చేరే పావనవాహిని గోదావరి. గోహత్యా పాతకం నుండి విముక్తి కోరి గౌతమ మహర్షి చేసిన తపస్సుకు ఫలమై దిగివచ్చిన ఈ తల్లిని గౌతమీ గంగ అని కొలుస్తాం. పన్నెండేళ్ళకొకసారి ఆ తల్లి ఒడిలో సకల తీర్థాలూ కొలువుదీరే వేళ మరల సమీపిస్తున్నది. 2027 జూన్ 26 నుండి జులై 7 వరకు గోదావరి పుష్కరాలు జరుగనున్నాయి.

మీ ఇంట ఇప్పటికే ఆ మాట మొదలై ఉంటుంది. గతించిన తల్లిదండ్రులకు పిండప్రదానం చేయాలని ఒకరు, పుష్కరస్నానం చేయించమని వృద్ధాప్యంలో ఉన్న అమ్మమ్మ కోరిందని మరొకరు ప్రయాణపు లెక్కలు వేసుకుంటూ ఉంటారు. ఆ లెక్కలలో తిథి, రైలు, బస మాత్రమే కాక మరొకటి కూడా చేరాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

పుష్కరుడు ఎవరు?

తుందిలుడనే ధర్మాత్ముడు ఈశ్వరుని గూర్చి తపస్సు చేసి, శివునిలో శాశ్వత స్థానాన్ని వరంగా కోరాడట. పరమేశ్వరుడు తన అష్టమూర్తులలో ఒకటైన జలమూర్తిలో అతనికి చోటిచ్చాడు. అలా సకల తీర్థాలకు అధిపతియై, పోషించే శక్తి గలవాడు గనుక పుష్కరుడయ్యాడు. సృష్టికార్యం కోసం బ్రహ్మ అతనిని తన కమండలువులో ఉంచుకొనగా, ప్రాణికోటి మేలుకోరి బృహస్పతి తనకు ఇమ్మని వేడుకున్నాడు. బృహస్పతి ఏ రాశిలో ప్రవేశిస్తే ఆ రాశికి చెందిన నదిలో పుష్కరుడు ఉండేలా ఒప్పందం కుదిరింది. మేషంలో గంగకు, కర్కాటకంలో యమునకు, సింహంలో గోదావరికి, కన్యలో కృష్ణకు పుష్కరాలు రావడం ఇందువలననే. గురుడు ఒక్కొక్క రాశిలో రమారమి ఒక సంవత్సరం సంచరిస్తాడు కాబట్టి ఏ నదికైనా మరల పుష్కరం రావడానికి పన్నెండేళ్ళు పడుతుంది.

ఈ కథలో చాలామంది మరచిపోయే అంశం ఒకటున్నది. గురుడు రాశిలో ప్రవేశించిన తొలి పన్నెండు దినాలు, ఆ సంవత్సరాంతంలో చివరి పన్నెండు దినాలు పుష్కరుడు పూర్ణంగా నదిలో ఉంటాడు. అవే ఆది పుష్కరాలు, అంత్య పుష్కరాలు. మధ్యకాలంలో సైతం ప్రతిదినం మధ్యాహ్నవేళ రెండు ముహూర్తాల పాటు నదిలో నివసిస్తాడని పెద్దలు చెబుతారు. అంటే తొలిదినం, తొలి గడియ, తొలి రేవు అన్న నిర్బంధం శాస్త్రంలో లేదు. ఆ నిర్బంధాన్ని మనకు మనమే విధించుకున్నాం.

మరువరాని ఉదయం

దాని ఫలితం ఎంత దారుణంగా ఉండగలదో 2015 జులై 14న చూశాం. ఆ ఏడాది పుష్కరాలు 144 ఏళ్ళకొకసారి వచ్చే మహాపుష్కరాలని ప్రచారం పొందాయి. తొలిదినం తెల్లవారకముందే రాజమహేంద్రవరంలోని పుష్కరఘాట్‌కు జనసముద్రం పోటెత్తింది. అక్కడ జరిగిన తొక్కిసలాటలో కనీసం 27 మంది యాత్రికులు అసువులు బాశారు. పితృదేవతలకు తర్పణం విడువవచ్చినవారికే తర్పణం విడువవలసి రావడం కంటె విషాదం ఏమున్నది?

ఏర్పాట్ల బాధ్యత పాలకులదే, అందులో సందేహం లేదు. కాని యాత్రికులమైన మనకు కూడా ఒక ధర్మం ఉన్నది. అందరం ఒకే రేవున, ఒకే వేళ మునగాలన్న తొందరను మన మనసులోనే ఆపుకోవడం ఆ ధర్మం. గోదావరి ఒక రేవుకు పరిమితమైన తల్లి కాదు. బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం మొదలు సాగరసంగమం వరకు ఏ రేవున మునిగినా ఆ జలం ఒక్కటే, ఆ పుష్కరుడూ ఒక్కడే.

నది ఏడు పాయలైన నేల

ఈ సత్యాన్ని గోదావరి డెల్టా సీమ కళ్ళకు కట్టినట్లు చూపుతుంది. ధవళేశ్వరం వద్ద నది గౌతమి, వసిష్ఠ అనే ప్రధాన పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుండి వైనతేయ పాయ విడివడుతుంది. సప్తర్షుల పేర గోదావరి ఏడు పాయలై సముద్రంలో కలిసిందని పురాణ ప్రసిద్ధి. చొల్లంగిలో తుల్యభాగ సంగమస్నానంతో మొదలుపెట్టి అంతర్వేదిలో వసిష్ఠ సంగమస్నానంతో ముగించే సప్తసాగర యాత్ర ఇక్కడి పురాతన సంప్రదాయం. నదికి ఏడు ముఖాలున్నప్పుడు మనమంతా ఒకే మెట్టు కోసం తోసుకోవడం ఎందుకు?

కొత్తగా రూపుదిద్దుకొంటున్నవి

ఈ పుష్కరాలను దృష్టిలో ఉంచుకొని రాజమహేంద్రవరంలో అఖండ గోదావరి పథకానికి 2025 జూన్ 26న కేంద్ర పర్యాటక మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్, రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ శంకుస్థాపన చేశారు. సరిగ్గా పుష్కరారంభానికి రెండేళ్ళ ముందు! పథకం అంచనా వ్యయం రూ. 94.44 కోట్లు. పుష్కరఘాట్ అభివృద్ధి, పాత హేవలాక్ వంతెనను సందర్శన స్థలంగా తీర్చిదిద్దడం, కడియం పూలతోటల ప్రాంతంలో వసతులు, నిడదవోలు కోటసత్తెమ్మ ఆలయం వద్ద సౌకర్యాలు ఇందులోని ముఖ్యాంశాలు.

హేవలాక్ వంతెన గురించి ఒక మాట. 1900లో ప్రారంభమై, 1997 వరకు మద్రాసు, హౌరా రైళ్ళను ఆవలి గట్టుకు చేర్చిన ఈ 56 స్తంభాంతరాల వంతెన మీదుగా ఎన్ని తరాల యాత్రికులు వెళ్ళి ఉంటారో! రైలు గోదావరి మీదికి రాగానే కిటికీలోంచి నాణెం విసిరి చేతులు జోడించిన మన తాతముత్తాతలను ఆ వంతెన చూసింది. దాని సమీపంలోనే 1974 నాటి రైలు, రోడ్డు వంతెన, 1997లో పూర్తయిన కమానుల వంతెన కనువిందు చేస్తాయి.

నాలుగు దినాల యాత్ర

రాజమహేంద్రవరం కేంద్రంగా మీరు ఇలా యాత్ర సాగించవచ్చు.

మొదటి దినం రాజమహేంద్రవరంలోనే గడపండి. రాజరాజనరేంద్రుడు ఏలిన, నన్నయ భారత రచనకు ఉపక్రమించిన నగరమిది. కోటిలింగాల రేవు, మార్కండేయస్వామి ఆలయం దర్శించి, సాయంసంధ్యలో గోదావరి హారతిని తిలకించండి. ఆవలి ఒడ్డున కొవ్వూరులోని గోష్పాద క్షేత్రం తప్పక చూడవలసినది. గౌతముని కథలోని గోవు పాదముద్ర పడినచోటు ఇదేనని విశ్వాసం. ధవళేశ్వరంలో నాలుగు భాగాలుగా విస్తరించిన ఆనకట్ట ఉన్నది. 1852లో సర్ ఆర్థర్ కాటన్ పూర్తి చేసిన నాటి ఆనకట్ట స్థానంలో తరువాతి కాలంలో నేటి బ్యారేజీ వెలసింది. క్షామంతో అల్లాడిన సీమను అన్నపూర్ణగా మార్చిన ఆ దొరను ఇక్కడి రైతులు నేటికీ దైవసమానంగా తలచుకుంటారు.

రెండవ దినం ద్రాక్షారామం. పంచారామాలలో ఒకటైన ఈ క్షేత్రంలో భీమేశ్వరుడు రెండంతస్తుల ఎత్తున దర్శనమిస్తాడు. అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటైన మాణిక్యాంబ సన్నిధి కూడా ఇక్కడే. శ్రీనాథుడు భీమేశ్వర పురాణం రచించినది ఈ స్వామి వైభవాన్ని గూర్చియే. అక్కడి నుండి కోటిపల్లి చేరి గౌతమీస్నానం చేసి సోమేశ్వరుని సేవించండి. వీలైతే సామర్లకోట కుమారారామం, పిఠాపురంలోని పాదగయ, పురుహూతికా దేవి ఆలయం కూడా ఈ దారిలో చేర్చుకోవచ్చు. పితృకార్యం చేయదలచినవారికి పాదగయ ప్రశస్త క్షేత్రం.

మూడవ దినం కొబ్బరితోటల కోనసీమ. ఏడు శనివారాల మొక్కుతో ప్రసిద్ధి చెందిన వాడపల్లి వేంకటేశ్వరుడు, ముందు విష్ణువుగా వెనుక మోహినిగా ఏకశిలలో వెలసిన ర్యాలి జగన్మోహినీ కేశవుడు, శనిదోష నివారణకు పేరొందిన మందపల్లి మందేశ్వరుడు, అయినవిల్లి సిద్ధివినాయకుడు, నిత్యకల్యాణాల మురమళ్ళ వీరేశ్వరుడు మిమ్మల్ని కరుణిస్తారు. వాడపల్లికి శనివారం నాడు విశేషంగా భక్తులు వస్తారు గనుక, మొక్కు లేనివారు మరొక దినం ఎంచుకోవడం మంచిది.

నాలుగవ దినం వైనతేయ తీరాన అప్పనపల్లి బాలబాలాజీని సేవించుకొని, అంతర్వేది చేరండి. వసిష్ఠ మహర్షి తపస్సుకు మెచ్చి, రక్తవిలోచనుని సంహరించి వెలసిన లక్ష్మీనరసింహుడు ఇక్కడ సాగరసంగమ సాక్షిగా కొలువై ఉన్నాడు. 2020 సెప్టెంబరులో స్వామివారి రథం అగ్నికి ఆహుతి కాగా, కొద్ది నెలలలోనే కొత్త రథం సిద్ధమై 2021 ఫిబ్రవరిలో కల్యాణోత్సవాల వేళ భక్తులను ఆనందపరిచింది. సఖినేటిపల్లి రేవున పంటు ఎక్కి వసిష్ఠను దాటితే నరసాపురం. ఆపై పాలకొల్లు క్షీరారామలింగేశ్వరుని ఉన్నత గోపురం, భీమవరం గునుపూడిలో చంద్రకళలను అనుసరించి వర్ణం మారే సోమేశ్వరుడు. దీనితో డెల్టాలోని నాలుగు పంచారామాలూ మీ దర్శనమయినట్లే. ఐదవది కృష్ణాతీరంలోని అమరారామం.

పుష్కరాలకు ముందూ, తరువాతా

పన్నెండు దినాలలోనే అన్నీ చూడాలన్న ఆత్రం అక్కరలేదు. ఈ సీమలో ఏడాది పొడవునా పండుగలే. కార్తీకంలో పంచారామ యాత్ర, కనుమనాడు అంబాజీపేట సమీపాన జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభల తీర్థం, పుష్య అమావాస్యనాడు చొల్లంగి స్నానం, మాఘ శుద్ధ దశమినాడు అంతర్వేది కల్యాణం, మహాశివరాత్రికి పట్టిసీమ, కోటిపల్లి ఉత్సవాలు, వైశాఖ శుద్ధ ఏకాదశినాడు అన్నవరం సత్యదేవుని కల్యాణం వరుసగా వస్తాయి. గంగలకుర్రు ప్రభలను భుజాలపై మోస్తూ, నీరు నిండిన కౌశిక పాయను దాటించే దృశ్యం చూచి తీరవలసినదే. 2023 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీ వీధులలో ఊరేగినది ఈ ప్రభల తీర్థమే. క్షేత్రదర్శనానికి ఈ పర్వదినాలను ఎంచుకొని, పుష్కరాలలో స్నానం, పితృకార్యం, దానం మాత్రం చేసుకొనివస్తే శరీరానికీ మనసుకీ సుఖం.

యాత్రికులకు మనవి

తొలిదినాన్ని, ఆదివారాలను వృద్ధులతో, పసిబిడ్డలతో వెళ్ళేవారు విడిచిపెట్టండి. పుష్కరాలలో మొదటి దినం హిరణ్య శ్రాద్ధం, తొమ్మిదవ దినం అన్న శ్రాద్ధం, పన్నెండవ దినం ఆమ శ్రాద్ధం ఆచరించడం పరిపాటి. మీ ఇంటి ఆచారాన్ని బట్టి దినాన్ని ముందుగానే మీ పురోహితునితో నిర్ణయించుకోండి.

పెద్ద రేవుల కోసమే పట్టుపట్టవద్దు. కొవ్వూరు, తాళ్ళపూడి, సిద్ధాంతం, కోటిపల్లి, నరసాపురం వంటి రేవులలోనూ అదే గోదావరి. రేవులో నియమించిన హద్దు దాటి లోతుకు వెళ్ళవద్దు. సంగమప్రాంతాలలో ఆటుపోట్లు ఉంటాయి గనుక మరింత జాగ్రత్త అవసరం.

పిల్లల జేబులో, వృద్ధుల చెంగున పేరు, ఊరు, ఫోను నెంబరు రాసిన చీటీ కట్టి ఉంచండి. తప్పిపోతే కలుసుకొనే చోటును ముందే అనుకోండి. నదిలో పడవ ఎక్కవలసివస్తే లైఫ్ జాకెట్ ధరించనిదే కాలు పెట్టకండి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద బోటు మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయిన సంగతి గుర్తుంచుకోండి.

విడిచిన వస్త్రాలు, ప్లాస్టిక్ సంచులు, సబ్బు నురగ నదికి సమర్పణలు కావు. దీపాన్ని ఆకుదొన్నెలో వదలండి. ఏ జలంలో పితృదేవతలను ఆహ్వానిస్తామో ఆ జలాన్నే మలినం చేస్తే ఆ తర్పణం ఎవరికి చేరుతుంది?

అందరిదీ ఒకే తల్లి

ఎగువన ఇదే గోదావరికి నాసిక్, త్ర్యంబకేశ్వరాలలో సింహస్థ కుంభమేళా జరుగుతుంది. దానికి ధ్వజారోహణ ముహూర్తం 2026 అక్టోబరు 31. గురుడు సింహరాశిలో తొలుత ప్రవేశించే వేళ అది. పిమ్మట వక్రగతిన కర్కాటకానికి మరలి, 2027 జూన్ చివర తిరిగి సింహానికి వచ్చినప్పుడు మన పుష్కరాలు. పుట్టినచోట ఒక భాషలో, సముద్రంలో కలిసేచోట మరొక భాషలో బిడ్డలు పిలిచినా పలికే తల్లి ఒక్కతే.

కాబట్టి పుష్కరాలకు తప్పక రండి. మీ పెద్దలను వెంటబెట్టుకొని రండి. తోటి యాత్రికునికి దారి ఇచ్చి, తడబడే వృద్ధురాలికి చేయి అందించి, నిదానంగా మెట్లు దిగండి. ముందు మునిగినవానికి అధికమని, వెనుక మునిగినవానికి స్వల్పమని ఆ తల్లి పుణ్యాన్ని కొలిచి ఇవ్వదు. యాత్రకు బయలుదేరిన ప్రతి ఒక్కరూ క్షేమంగా ఇల్లు చేరి, చెంబులో తెచ్చిన గోదావరి జలాన్ని ఇంటిల్లిపాది శిరసుపై చల్లిననాడే ఆ పుష్కరస్నానం సంపూర్ణమవుతుంది. గౌతమీ మాత మిమ్మల్ని, మీ కుటుంబాన్ని చల్లగా కాపాడుగాక!