హ్యాండ్‌బ్యాగ్‌లో తుపాకీ: అమెరికాలోని మన కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులు

2014 డిసెంబర్ 30. అమెరికాలోని ఐడహో రాష్ట్రం, హేడెన్ పట్టణం. 29 ఏళ్ల తల్లి ఒకరు తన రెండేళ్ల కొడుకుని, బంధువుల పిల్లల్ని తీసుకుని వాల్‌మార్ట్‌కి షాపింగ్‌కి వెళ్లారు. పిల్లాడు ట్రాలీలో కూర్చున్నాడు. పక్కనే ఆమె హ్యాండ్‌బ్యాగ్ ఉంది. అందులో లోడ్ చేసిన పిస్టల్ ఉంది. ఆమె అటు తిరిగిన కాసేపట్లో పిల్లాడు జిప్ ఉన్న అరలో చెయ్యి పెట్టాడు. తుపాకీ పేలింది. తల్లి అక్కడికక్కడే చనిపోయారు.

ఆమెకి పర్మిట్ ఉంది. తుపాకులు కొత్త కాదు, వాడటం బాగా తెలుసు. ఆ బ్యాగ్ కూడా మామూలుది కాదు. తుపాకీ దాచుకోవడానికే ప్రత్యేకంగా అర కుట్టిన బ్యాగ్, పండగ కానుకగా వచ్చింది. చట్టం ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నా ప్రాణం పోయింది.

ఈ సంగతి మన ఇళ్లకి దూరంగా ఏమీ లేదు. డల్లాస్, హ్యూస్టన్, షికాగో చుట్టుపక్కల హైదరాబాద్ కుటుంబాలు చాలా స్థిరపడ్డాయి. రాత్రిపూట స్టోర్లలో, గ్యాస్ స్టేషన్లలో డ్యూటీలు చేసేవాళ్లు, హిజాబ్‌తో ఒంటరిగా తిరిగే ఆడవాళ్లు ‘ఒకటి కొనుక్కుంటే మంచిదేమో’ అనుకోవడం మామూలైపోయింది. కొనాలా వద్దా అన్నది ఎవరి నిర్ణయం వాళ్లది. అయితే అంతకు ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటి ప్రశ్న: వీసా ఏమిటి?

అమెరికాలో తుపాకీ అందరి హక్కు అనుకోవడం పెద్ద పొరపాటు. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. విజిటర్ వీసా, స్టూడెంట్ల ఎఫ్-1, ఉద్యోగుల హెచ్-1బి, వాళ్ల కుటుంబాల హెచ్-4, అన్నీ ఇందులోకే వస్తాయి. వేట లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి గానీ, వాటిని నమ్ముకుని ముందుకెళ్లే ముందు లాయర్‌ని అడగడం తప్పనిసరి. నేరం రుజువైతే 15 ఏళ్ల వరకు జైలు. జైలుతోనే అయిపోదు, దేశం నుంచి పంపించేయడానికి కూడా అదే కారణం కావచ్చు. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకి, సిటిజన్లకి ఈ నిషేధం లేదు. అయితే తుపాకీకి సంబంధించిన నేరంలో శిక్ష పడితే గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లని కూడా వెనక్కి పంపించవచ్చు.

మన ఇళ్లలో చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఒకే కప్పు కింద రకరకాల వీసాల వాళ్లు ఉంటారు. అన్నకి సిటిజన్‌షిప్ వచ్చింది, తమ్ముడు ఎఫ్-1 మీద చదువుకుంటున్నాడు, అమ్మీ ఆరు నెలల కోసం విజిటర్‌గా వచ్చారు. తుపాకీ అన్నదే. కానీ ‘నా సొంతం కాదు’ అంటే సరిపోదు. అది ఎవరి చేతి కింద ఉంది, ఎవరికి అందుబాటులో ఉంది అన్నది కూడా చట్టం చూస్తుంది. ‘అమ్మీ, ఈ బ్యాగ్ కాస్త పట్టుకోండి’ అని తుపాకీ ఉన్న బ్యాగ్ ఇవ్వడం ఆమెని ఇరికించినట్టే. లాకర్ తాళం తమ్ముడికి ఇవ్వడం కూడా అంతే.

రాష్ట్రం దాటితే చట్టం మారుతుంది

ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే తుపాకీ దాచి తీసుకెళ్లొచ్చు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి ఇదే పద్ధతి. కానీ ఇల్లినాయిస్‌లో రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ కావాలి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రాలు వేరే రాష్ట్రం పర్మిట్‌ని ఒప్పుకోవు. డల్లాస్‌లో చట్టబద్ధమైన హ్యాండ్‌బ్యాగ్, న్యూజెర్సీలో చుట్టాల ఇంటికి వెళ్లేసరికి నేరం అవుతుంది. ఇంకా స్కూళ్లు, కోర్టులు, ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ లోపల వేరే నియమాలు. మస్జిద్, షాపు, ఫంక్షన్ హాల్ యాజమాన్యం ‘తుపాకీ వద్దు’ అని బోర్డు పెడితే దాన్నీ పట్టించుకోవాలి.

బ్యాగ్‌లో పెట్టడం ఎందుకంత ప్రమాదం?

తుపాకీ భద్రత నేర్పే శిక్షకులు చాలామంది చెప్పేది, తుపాకీ ఒంటి మీదే ఉండాలని. నడుముకి కట్టుకున్నది మనిషితోనే ఉంటుంది. బ్యాగ్ అలా కాదు. కుర్చీకి తగిలిస్తాం, ట్రాలీలో పెడతాం, దావత్‌లో మంచం మీద పది బ్యాగులతో కలిపి పడేస్తాం, నమాజుకి వెళ్తూ పక్కవాళ్లకి అప్పగిస్తాం. పిల్లలకేమో అమ్మ బ్యాగ్ అంటే చాక్లెట్ దొరికే చోటు, ఫోన్ దొరికే చోటు. దొంగ లాక్కున్నా బ్యాగుతో పాటు తుపాకీ పోతుంది.

రెండో ప్రమాదం ట్రిగ్గర్. చాలా పిస్టళ్లలో ఐదారు పౌండ్లు, అంటే దాదాపు రెండున్నర కిలోల ఒత్తిడికి ట్రిగ్గర్ కదులుతుంది. బ్యాగ్‌లో విడిగా పడేస్తే తాళంచెవి, పెన్ను, లిప్‌స్టిక్ ఏదైనా ట్రిగ్గర్ సందులో ఇరుక్కోవచ్చు. బయటికి లాగేటప్పుడు అదే ట్రిగ్గర్‌ని నొక్కేస్తుంది.

మూడోది, ఆపదలో అది అంత తొందరగా చేతికి రాదు. జిప్ తీసి, వెతికి, బయటికి లాగేలోపు మీద పడ్డవాడు దగ్గరికొచ్చేస్తాడు. దేని కోసమైతే కొన్నారో ఆ పనికే అది అందదు.

అయినా బ్యాగ్‌లోనే తప్పదంటే

ఒంటి మీద పెట్టుకోవడం కుదరదు, బ్యాగ్ తప్ప దారి లేదు అనుకునేవాళ్లు కనీసం ఇవి పాటించాలి.

* తుపాకీకి విడిగా అర ఉండాలి. అందులో కాగితం ముక్క కూడా వేరేది పెట్టకూడదు.
* ట్రిగ్గర్ పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ ఉండాలి. మెత్తటి గుడ్డ కవర్ పనికిరాదు. అది బ్యాగ్‌లో అటూ ఇటూ కదలకుండా బిగించి ఉండాలి.
* అరకి తాళం వేసే వీలున్న బ్యాగ్ ఎంచుకోవాలి.
* బ్యాగ్ భుజానికి అడ్డంగా, ఒంటికి ఆనుకుని ఉండాలి. ట్రాలీలో, కుర్చీ మీద, కారు సీట్లో, నేల మీద పెట్టకూడదు. ఒక్క నిమిషానికైనా సరే.
* ఎత్తుకుని తిరిగే వయసు పిల్లలు వెంట ఉంటే తుపాకీ ఇంట్లో తాళంలో ఉండాలి.
* ఎవరికైనా బ్యాగ్ ఇవ్వాల్సి వచ్చే చోటికి, అంటే పెళ్లికి, ఆసుపత్రికి, జమాత్‌కి అసలు తీసుకెళ్లకూడదు.
* లైసెన్స్ ఉన్న శిక్షకుడి దగ్గర, అదే బ్యాగ్‌తో, ముందు ఖాళీ తుపాకీతో సాధన చెయ్యాలి.

ఇంటికి రాగానే బ్యాగ్‌ని హ్యాంగర్‌కి తగిలించి వంటింట్లోకి వెళ్లే అలవాటు చాలామందికి ఉంటుంది. ఆ అలవాటు మానాలి. గడప దాటగానే తుపాకీ నేరుగా లాకర్‌లోకి వెళ్లాలి. అమెరికన్ పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేది స్పష్టంగా ఉంది: పిల్లలున్న ఇంట్లో తుపాకీ లేకపోవడమే అన్నిటికంటే భద్రం. ఉంటే గనక తూటాలు తీసేసి, తాళం వేసి, తూటాలని వేరే చోట తాళంలో పెట్టాలి. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన తుపాకీ నిర్లక్ష్యంగా వదిలేయడమే నేరం.

పిల్లల్ని వేరేవాళ్ల ఇంటికి ఆడుకోవడానికి పంపేటప్పుడు ‘మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా?’ అని అడగమని కూడా డాక్టర్లు చెబుతారు. మనవాళ్లకి అడగడానికి మొహమాటం. వేరుశనగ అలర్జీ గురించి చెప్పినట్టే ఇది కూడా మామూలుగా అడిగేయాలి.

ఎయిర్‌పోర్ట్‌లో మర్చిపోతే

అమెరికా ఎయిర్‌పోర్టుల సెక్యూరిటీ తనిఖీల్లో 2024లో 6,678 తుపాకులు దొరికాయి. వాటిలో 90 శాతానికి పైగా లోడ్ చేసినవే. ‘బ్యాగ్‌లో ఉందని మర్చిపోయాను’ అన్నది అక్కడ తరచూ వినిపించే మాట. మర్చిపోయినా జరిమానా వేల డాలర్లలో ఉంటుంది. అరెస్ట్ కూడా కావచ్చు. అందుకే తుపాకీ పెట్టే బ్యాగ్‌ని ప్రయాణానికి వాడకపోవడం ఉత్తమం.

ఇండియాకి వచ్చేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగ్‌లోనే బట్టలు సర్దుకుని బయల్దేరితే, లైనింగ్‌లో ఇరుక్కున్న ఒక్క తూటా స్కానర్‌లో కనిపిస్తుంది. మన దేశంలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా దగ్గరుండటం కూడా నేరమే. 2019 సవరణ తర్వాత శిక్ష రెండు నుంచి ఐదేళ్లు. తెలిసి దగ్గర పెట్టుకుంటేనే నేరమని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ తెలియదని తేల్చుకోవడానికి పోలీస్ స్టేషన్, లాయర్, కోర్టు అన్నీ తిరగాలి. టికెట్, సెలవులు పోయినట్టే.

ఇక్కడ హైదరాబాద్‌లో ఉండి ‘మనం కూడా ఒకటి బ్యాగ్‌లో పెట్టుకోవచ్చా?’ అని అడిగేవాళ్లూ ఉన్నారు. 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ల కోసమని ‘నిర్భీక్’ అనే రివాల్వర్ తెచ్చింది. బరువు అరకిలో, ధర అప్పట్లోనే 1.22 లక్షల రూపాయలు. కొనాలంటే ముందు లైసెన్స్ రావాలి, ప్రాణానికి ముప్పు ఉందని చూపించాలి, పోలీస్ విచారణ జరగాలి. మామూలు కుటుంబాలకి అది దొరికే దారి కాదు. ఆపదలో ఉంటే 100 గానీ 112 గానీ డయల్ చెయ్యాలి, తెలంగాణలో షీ టీమ్స్ సాయం తీసుకోవచ్చు.

అమెరికాలో పిల్లలు, కోడళ్లు ఉన్న పెద్దవాళ్లు ఈసారి వీడియో కాల్‌లో రెండు ప్రశ్నలు అడగాలి. ఇంట్లో తుపాకీ ఉందా? ఉంటే, ఈ నిమిషంలో అది ఏ తాళంలో ఉంది? రెండో ప్రశ్నకి వెంటనే జవాబు రాకపోతే, కాల్ పెట్టేయకుండా లేచి చూసి రమ్మని చెప్పాలి.