కుండీకి పత్తి మందు వద్దు

మందార మొగ్గలకు తెల్లటి దూది అంటినట్టు కనిపిస్తే అది పిండినల్లి. పత్తి చేలో కొట్టగా మిగిలిన మందు తెచ్చి దాని మీద చల్లకండి. వార్ధా నదికి అవతల, యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొట్టి సుమారు 20 మంది చనిపోయారు. ఆరుబయటే అంత ప్రమాదమైతే, పిల్లలు తిరిగే వరండా మాటేమిటి?

ముందు తడిగుడ్డతో పురుగును తుడిచేయండి. బాగా పట్టిన కొమ్మను కత్తిరించి, సంచిలో కట్టి పారేయండి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి, పొద్దు వాలాక ఆకుల అడుగున కూడా చల్లండి. వారానికోసారి చొప్పున మూడు వారాలు చేయాలి. దుకాణంలో ‘కడులింబాచే తేల్’ అని అడగండి.

బడి కుండీలకూ ఇదే పద్ధతి. ఆకులు తుడవడం పిల్లలకు అప్పగించండి. చల్లడం మాత్రం పెద్దలే చేయాలి.