తాతగారి బాంజో పెట్టె

కిందటి వేసవి సెలవులకు కొద్ది రోజుల ముందు తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు గోనెసంచిలో చుట్టిన చెక్కపెట్టెను బడికి తెచ్చాడు. "మా తాత బాంజో సార్. ఇరవై ఏండ్లుగా అటక మీదే ఉంది. ఇప్పుడు ఆయన మంచంలో ఉన్నాడు, ఒక్కసారి వినాలంటున్నాడు. గరుకు కాగితంతో బాగా రుద్ది, రంగు వేసి, గట్టి తీగలు బిగించుదామా?" అని అడిగాడు. ముందు ఆ గరుకు కాగితాన్ని నా చేతికి ఇమ్మన్నాను. ఎందుకో మీరే చూద్దురు గాని.

మొదట పేరు సంగతి. అమెరికాలో బాంజో అంటే వేరు. గుండ్రని చట్రం, దానిపై డప్పుకు మూసినట్లు మూసిన చర్మం, దాని మీదుగా పోయే తీగలు, పొడవైన దండి. అది పుట్టింది అమెరికన్ కర్మాగారంలో కాదు. ఆఫ్రికా నుంచి బానిసలుగా అమెరికా ఖండాలకు తరలించబడిన ప్రజలు తమ దేశపు వాద్యాల జ్ఞాపకంతో ఎండిన సొరబుర్రకు చర్మం బిగించి చేసుకున్నారు. 1770 దశకంలో స్టెడ్‌మన్ అనే సైనికాధికారి దక్షిణ అమెరికాలోని సురినామ్ నుంచి తెచ్చిన అటువంటి వాద్యం ఒకటి నేటికీ నెదర్లండ్స్‌లో భద్రంగా ఉంది. సొరబుర్ర మనకు కొత్తదేమీ కాదు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్యగారి పన్నెండు మెట్ల కిన్నెరను చూడండి, దానికీ బుర్రలే ఆధారం.

మా విద్యార్థి తెచ్చినది ఆ బాంజో కాదు. దాని అసలు ఊరు జపాన్. 1912లో, తైషో చక్రవర్తి పాలన ఆరంభమైన సంవత్సరంలో, నగోయా నగరానికి చెందిన మొరీతా గొరో అనే ఆయన టైపురైటరు మీటల పద్ధతిని తంత్రీవాద్యానికి జోడించి 'తైషోగోతో' అనే వాద్యాన్ని చేశాడు. అదే మన దేశానికి చేరి 'బుల్‌బుల్ తరంగ్' అయింది. బుల్‌బుల్ అంటే మన పిగిలిపిట్ట. వాడుకలో మాత్రం బాంజో అనే పేరే నిలిచిపోయింది.

దీని నిర్మాణం సులువు. లోపల డొల్లగా ఉన్న పొడవాటి పెట్టె, పైన పలుచని చెక్క మూత. ఒక చివర తీగలను బిగించే బిరడలు, రెండో చివర తీగలను ఎత్తి పట్టే గుర్రం. తీగల కింద లోహపు మెట్లు, పైన వరుసగా మీటలు. ఎడమచేతితో మీటను నొక్కితే దాని కిందనున్న లోహపు ముక్క తీగను మెట్టుకు అదుముతుంది. కుడిచేతితో తీగను మీటితే ఆ స్వరం పలుకుతుంది. మీటను వదిలితే స్ప్రింగు దానిని పైకి తెస్తుంది. వీణ వాయించేవారు ఎడమచేతి వేళ్లతో చేసే పని ఇక్కడ మీటలు చేస్తాయి. అయితే వీణలో లాగా తీగను పక్కకు లాగి గమకం పలికించడం దీనిలో కుదరదు. నా మటుకు ఈ వాద్యంలో పెద్ద లోటు అదే.

ఇక మెట్లు. వాటి మధ్య దూరాలు సమానంగా ఉండవు. గుర్రం వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. కారణం మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. తన్యత మారకుంటే తీగ పౌనఃపున్యం దాని పొడవుకు విలోమానుపాతంలో ఉంటుంది. మెర్సెన్ అనే ఫ్రెంచి పండితుడు 1636లో ఈ సూత్రాలను ప్రకటించాడు. పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపై, పై స్థాయి షడ్జమం వస్తుంది. ఈ మధ్య దూరంలో పన్నెండు అరస్వరాలు ఇమడాలి కనుక ఒక్కొక్క మెట్టుకు పొడవును 1.0595తో భాగించుకుంటూ పోవాలి. తీగ 50 సెంటీమీటర్లుంటే మొదటి మెట్టు వద్ద 47.2, ఏడో మెట్టు వద్ద 33.4, పన్నెండో మెట్టు వద్ద సరిగ్గా 25 సెంటీమీటర్లు మిగలాలి. స్కేలు తీసుకొని మా పెట్టెను కొలిచాం. చేసిన వడ్రంగి ఎవరో గాని, ఒక్క మెట్టూ మిల్లీమీటరు తప్పలేదు.

ఇప్పుడు పెట్టె ఆరోగ్యం సంగతి. పాత వాద్యాన్ని చూసేటప్పుడు ముందు తీగలను కాదు, చెక్కను చూడాలి. చెక్క గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతుంది, పోగొట్టుకొని కుంచించుకుంటుంది. ఈ మార్పు పేళ్ల పొడవునా బహు స్వల్పం, అడ్డంగా ఎక్కువ. మన ఆలూరు, ఆదోని ఎండలు మీకు తెలియనివి కావు. అంచులకు మేకులతో కదలకుండా బిగించిన మూత, ఎండకు అడ్డంగా కుంచించుకోబోయి, దారి లేక పేళ్ల వెంట చీలుతుంది. మా పెట్టె మూతమీద గుర్రానికి పక్కగా జానెడు చీలిక అలాంటిదే. పక్కన సూదిబెజ్జాల వంటి రంధ్రాలు కూడా ఉన్నాయి. పెట్టెను తెల్లకాగితం మీద పెట్టి రెండు రోజులు ఆగాం. పిండివంటి పొడి రాలలేదు. పురుగు ఎప్పుడో వెళ్లిపోయిందన్నమాట.

చర్మం బిగించిన అసలు బాంజోకు ఈ బాధ ఇంకా ఎక్కువ. వానాకాలంలో చర్మం తేమకు సడలుతుంది, స్వరం దిగుతుంది. మన డప్పు కళాకారులు వాయించే ముందు డప్పును మంట దగ్గర ఎందుకు కాస్తారో ఆలోచించండి. అందుకే గత శతాబ్దం మధ్యకాలం తరువాత చాలామంది బాంజో తయారీదారులు చర్మానికి బదులు పాలియెస్టరు పొరకు మళ్లారు.

తరువాత తీగలు. అవి ఉక్కు తీగలు, బాగా తుప్పు పట్టాయి. తుప్పు తీగనంతా సమానంగా తినదు. ఒకచోట లావు, ఒకచోట సన్నం మిగులుతుంది. అటువంటి తీగ ఎంత శ్రుతి చేసినా అపశ్రుతే పలుకుతుంది. దీనికొక పరీక్ష ఉంది. తీగను సరిగ్గా మధ్యలో వేలితో తాకీ తాకనట్లు ఉంచి మీటండి. తరువాత పన్నెండో మెట్టు మీటను నొక్కి మీటండి. రెండు స్వరాలూ ఒకటే కావాలి. కాకుంటే తీగ అయినా చెడి ఉండాలి, గుర్రం అయినా స్థానం తప్పి ఉండాలి.

తీగలు మార్చక తప్పదు సరే, "గట్టి తీగలు" ఎందుకు వద్దన్నాను? ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఆ పని చేశాను కాబట్టి. ఒక మిత్రుడి బాంజోకు 0.25 మిల్లీమీటర్ల తీగలు తీసేసి, అంగట్లో దొరికిన 0.35 మిల్లీమీటర్ల తీగలు నాలుగు వేసి, పాత శ్రుతికే బిగించాను. తెల్లవారేసరికి మూత ఉబ్బి, గుర్రం కింద ఫెళ్లున చీలింది. పాఠం చెప్పే నేను లెక్క వేయలేదు. తీగ బరువు వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వ్యాసం 1.4 రెట్లయితే బరువు సుమారు రెండు రెట్లు. అదే స్వరం కావాలంటే తన్యత కూడా రెండు రెట్లు కావాలి. 50 సెంటీమీటర్ల పొడవున్న 0.25 మిల్లీమీటర్ల తీగ 220 హెర్ట్జ్ పలకాలంటే దాదాపు 1.9 కిలోల బరువు వేలాడదీసినంత లాగుడు చాలు. నాలుగు తీగలకు ఏడున్నర కిలోలు. నేను దానిని పదిహేను చేశాను. ఆ మిత్రుడు పల్లెత్తు మాట అనలేదు, అదే ఎక్కువ బాధ కలిగించింది.

కనుక మా విద్యార్థి పెట్టెకు సన్నని తీగలే తెప్పించాం. చీలికకు లోపలివైపు పలుచని చెక్కముక్కను జిగురుతో అంటించి రెండు రోజులు ఆరనిచ్చాం. శ్రుతిని కూడా ఒక పూర్ణస్వరం తగ్గించాం. పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది కదా, ఆ ఒక్క స్వరంతో లాగుడు అయిదో వంతు తగ్గిపోయింది.

గరుకు కాగితం మాత్రం ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది. మీటల మీద ముద్రించిన అంకెలు కొన్ని స్పష్టంగా ఉన్నాయి, ఆరేడు మీటల మీద పూర్తిగా అరిగిపోయాయి. ముసలాయన వేళ్లు ఏ స్వరాల మీద ఎక్కువ తిరిగాయో ఆ అరుగుదలే చెబుతుంది. రుద్దితే అన్నీ ఒకటే అయిపోతాయి.

సెలవులు ఇచ్చిన మరునాడు వాళ్లింటికి వెళ్లాం. అబ్బాయి మంచం పక్కన పెట్టె ఉంచి నెమ్మదిగా మీటాడు. ఆయన కాసేపు విని, "శ్రుతి తగ్గించినారే" అన్నాడు. తరువాత చెయ్యి చాపి, ఎడమవైపు నుంచి మూడో మీటను తానే నొక్కాడు. అది కొంచెం పట్టేస్తుంది. బాగుచేస్తానంటే వద్దన్నాడు.